గాయం కడిగిన వీరుడు

అక్టోబరు మూడో తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. మస్కట్‌లో, హమ్రియా పేటలో ఒక పాత శిష్యురాలి ఇంట్లో అన్నం తిని, చెయ్యి కడుక్కుని గడియారం చూసుకున్నాను కనుక ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. నా గడియారం చేతికి ఉండదు. చీర మీద, ఎడమ భుజానికి కాస్త కింద, పిన్నుతో తలకిందులుగా వేలాడుతుంది. మస్కట్‌లో ఇరవై తొమ్మిదేళ్లు నర్సుగా చేశాను, అందులో చివరి పదిహేడేళ్లు వార్డు సిస్టర్‌గా. ఉద్యోగం మాని పదకొండేళ్లయింది. ఇప్పుడు నాకు డెబ్బై ఒకటి. మా అమ్మాయి కూడా ఇక్కడే నర్సు, తన దగ్గరే ఉంటున్నాను. గడియారం మాత్రం తీయలేదు.

హమ్రియాలో అన్నం పెట్టిన ఆమె ఇరవై ఆరేళ్ల కిందట నా వార్డులో మొదటి డ్యూటీ చేసిన పిల్ల. ఇప్పుడు యాభై నాలుగేళ్ల మనిషి. మాది కృష్ణా జిల్లా, వాళ్లది గుంటూరు వైపు. మొదట్లో నన్ను సిస్టర్ అనేది, తర్వాత ఎప్పటినుంచో అక్కా అంటోంది. ఆ మధ్యాహ్నం నా చెయ్యి తీసుకుని, రెండు వేళ్లు తన గొంతు మీద పెట్టుకుంది.

"మింగుతాను, చూడక్కా. కదిలిందా?"

కదిలింది. కుడివైపు, ఉసిరికాయంత గడ్డ.

పరీక్షలన్నీ అయ్యాయట. భయపడాల్సిన రకం కాదు గానీ తీయక తప్పదు. గడ్డకు ఆనుకునే గొంతుకు పోయే నరం ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే మాట బొంగురుపోవచ్చు, పాట పూర్తిగా పోవచ్చు. ఈ ముక్క ఎందరో రోగులకు చదివి వినిపించి సంతకాలు పెట్టించుకున్న మనిషి. ఈసారి కాగితం మీద సంతకం తనది.

"నవంబరు పదకొండున రమ్మన్నారు. పద్దెనిమిదికి మార్పించుకున్నా."

"వారం ఎందుకు?"

"పద్నాలుగున మన తెలుగువాళ్ల సాయంత్రం ఉందిగా. బుర్రకథ చెప్తానని పేరిచ్చేశా. ఒక్కసారి చెప్పుకోనియ్యక్కా. తర్వాత గొంతు ఏమైనా కానీ."

వాళ్ల నాన్న బుర్రకథ చెప్పేవాడు. చర్చి ఆవరణల్లో, చేలు కోసిన రోజుల్లో, బైబిలు కథలు. తంబురా భుజాన వేసుకుని, చేతి బొటనవేలికి ఇత్తడి అందె తొడుక్కుని ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేస్తుంటే ఈమె కింద కూర్చుని చూసేది. ఆయన పోయాక ఆ తంబురానూ, అందెల జతనూ మస్కట్ తెచ్చుకుంది. పంతొమ్మిదేళ్లుగా అవి బీరువా మీద దుప్పట్లో ఉన్నాయి. డ్యూటీలు, పిల్లల చదువులు, మళ్లీ డ్యూటీలు. ఒక్క రోజూ కిందికి దించలేదు.

ఆ రోజు దించింది. రెండు తీగలు తెగి ఉన్నాయి, బుర్ర మాత్రం బాగానే ఉంది.

కథ దొరకడం తేలిక కాలేదు. ఆ సాయంత్రం నడిపే తెలుగు సంఘంవాళ్ల నియమం ఒకటుంది: మతం వద్దు, రాజకీయం వద్దు. కాబట్టి వాళ్ల నాన్న కథలు పనికిరావు. మన వీరుల్లో ఎవరిని తీసుకున్నా ఆయన మా జిల్లావాడంటే మా కులంవాడని ఎవరో ఒకరు లేస్తారు. నిరుడు అదే జరిగింది, భోజనాల దగ్గర దాకా వెళ్లింది. ఎవరి మతానికీ, కులానికీ, జిల్లాకీ చెందని వీరుడు కావాలి. మా చర్చి హాలు అలమరలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఉండేది, గ్రీకుల పాత యుద్ధకావ్యాన్ని తెలుగు వచనంలోకి కుదించినది. నేను దాన్ని అప్పటికి రెండుసార్లు చదివాను. అదే పట్టుకెళ్లాను.

కథ తెలియనివాళ్ల కోసం చెబుతాను. సముద్రం ఒడ్డున కోటగోడలున్న నగరం. దాన్ని ముట్టడించినవాళ్లు పదో ఏడు కూడా గోడ బయటే ఉన్నారు. వాళ్లలో అందరికన్నా గొప్ప యోధుణ్ణి వాళ్ల నాయకుడే నలుగురిలో అవమానించి, అతనికి ఇచ్చిన బహుమానాన్ని లాక్కుంటాడు. ఆ బహుమానం ఒక ఆడమనిషి. ఆ కాలం అలాంటిది. యోధుడికి కోపం వచ్చి, ఈటె పక్కన పడేసి, ఓడల దగ్గర తన గుడిసెలో కూర్చుంటాడు. అతని వైపువాళ్లు కుప్పలుగా చస్తుంటారు. అతని స్నేహితుడు చూడలేక, అతని కవచం తాను తొడుక్కుని వెళ్లి చనిపోతాడు. అప్పుడు యోధుడు లేచి, స్నేహితుణ్ణి చంపిన నగరపు రాకుమారుణ్ణి చంపి, శవాన్ని ఇవ్వకుండా అట్టిపెట్టుకుంటాడు. చివరికి ఆ రాకుమారుడి ముసలి తండ్రి శత్రువు గుడిసెకు వచ్చి, కొడుకు శవాన్ని అడిగి తీసుకెళతాడు.

బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో కథకురాలు, అటూ ఇటూ వంతలు. వంతలు డక్కీ వాయిస్తూ "తందాన తాన" అంటూ, కథను మధ్యలో ఆపి ప్రశ్నలడుగుతూ ఉండాలి. ఒక వంత నేను. రెండో వంత కడప ఆమె. ఆస్పత్రి లినెన్ రూమ్‌లో దుప్పట్లు లెక్కపెట్టే డ్యూటీ ఆమెది, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుతుంది, మాతో కడప తెలుగు. నన్ను పెద్దమ్మా అంటుంది. హాస్యం చెప్పే వంతగా ఆమెకు రాసివ్వాల్సిన పనే లేదు.

అక్టోబరు పది, పదిహేడు, ఇరవై నాలుగు, ముప్పై ఒకటి, నవంబరు ఏడు. ఇక్కడ వారపు సెలవు శుక్రవారమే, ఆరాధనా ఆ రోజే. ఐదు శుక్రవారాలు చర్చి అయ్యాక హమ్రియాలో కూర్చున్నాం. డక్కీలు రెండు విజయవాడ నుంచి ఎవరి సామాన్లలోనో వచ్చాయి. రెండో శుక్రవారం ఏసీ గాలికి ఒకదాని చర్మం చిట్లింది. కడప ఆమె మూలనున్న ఖాళీ నీళ్ల క్యాన్ తెచ్చి ఒళ్లో పెట్టుకుని వాయించింది. డక్కీ కన్నా అదే బాగా మోగింది.

నా వాయింపు గురించి ఆమె అన్న మాట కూడా రాసుకున్నాను. "పెద్దమ్మా, డక్కీ కొట్టమంటే బీపీ చూసినట్టు చూస్తాండావ్. అది బతికే ఉంది, గట్టిగా కొట్టు."

మొదటి తగువు వీరుడెవరనేదే.

"కోపమొచ్చి గుడిసెలో కూసున్నోడు హీరో ఏంది?" అంది కడప ఆమె. "మా లినెన్‌లో ఒకాయన ఉండాడు. మెమో ఇచ్చినారని పన్నెండు రోజులు సిక్ లీవ్ పెట్టినాడు. ఆయన మీద కూడా చెప్పండి కథ."

"మరి నీకెవరు?"

"గోడ లోపలోడు. బిడ్డను ఎత్తుకోబోతే, తలమీద ఆ ఇనప టోపీ చూసి బిడ్డ జడుసుకుంటాడు. టోపీ తీసి కింద పెట్టి, అప్పుడు ఎత్తుకుంటాడు చూడు, ఆ మొగోడు. చావు ముందర బిడ్డ భయం కనిపెట్టినాడే, ఆయన నాకు హీరో."

నాకు మొదట్నించీ చివరి ఘట్టం మీదే గురి. అంత కోపిష్టి మనిషి ఆ ముసలాయన్ని లేవదీసి, కలిసి ఏడ్చి, శవాన్ని కడిగించి బండి మీద పెట్టించి, ముందు అన్నం తినమంటాడు. గెలిచినవాడు అన్నం పెట్టడం నాకు యుద్ధం గెలవడం కన్నా పెద్దదిగా కనిపించింది. అదే చెప్పాను.

కథకురాలు తంబురా తీగ బిగిస్తూ విన్నది. "మీ ఇద్దరూ పెద్దపెద్దవాళ్లనే చూస్తున్నారు. మన డ్యూటీ చేసినాయన ఒకాయనున్నాడు, ఎవరూ చూడలా?" అంది.

ఆమె చెప్పింది ఆ స్నేహితుడి గురించి. యుద్ధం ఏమైందో కనుక్కుని రమ్మని యోధుడు అతన్ని పంపుతాడు. తిరిగి వచ్చే దారిలో తొడలో బాణం దిగి కుంటుకుంటూ వస్తున్నవాడు ఎదురవుతాడు. సైన్యంలో ఉన్న వైద్యుల్లో ఒకరికి దెబ్బ తగిలింది, ఇంకొకరు యుద్ధంలో ఉన్నారు. ఇతను తొందరలో ఉండి కూడా ఆగుతాడు. వాణ్ణి గుడిసెలోకి చేర్చి, కత్తితో బాణం తీసి, వేణ్ణీళ్లతో నల్లటి రక్తం కడిగి, చేదువేరు చేతుల్లో నలిపి అద్దుతాడు. నొప్పి తగ్గుతుంది, రక్తం ఆగుతుంది. వెంటనే వదిలి కూడా పోడు, దగ్గరే కూర్చుని మాటలు చెబుతాడు.

నేను ఆ పుస్తకంలోని గాయాలన్నిటికీ ఒక పట్టిక రాసి ఉన్నాను. ఎవరికి, ఎక్కడ, ఏ ఆయుధంతో, బతికాడా లేదా. కుదించిన ఆ పుస్తకంలో నా లెక్కకు తొంభై ఒకటి వచ్చాయి. ఆ కవి గాయాన్ని ఒళ్లు తెలిసినవాడిలా రాశాడు. భుజంలో దిగితే భుజంలోనే, కడుపులో దిగితే ఏమవుతుందో అదే. పైగా చచ్చేవాడు ఎంత చిన్నవాడైనా అతని తండ్రి పేరు, ఊరు, వెనక ఎవరున్నారో చెప్పి మరీ చంపుతాడు. మేము అడ్మిషన్ కాగితంలో రాసేవన్నీ అక్కడుంటాయి. అన్ని వరసలు రాసుకున్నదాన్ని, తొడలో బాణం పక్కన "బతికాడు" అని రాసి ముందుకు పోయాను. బతికించినవాడి పేరుకు నా పట్టికలో గడి లేదు. ఆ శుక్రవారం ఇంకో గడి గీశాను. కథ ఆ స్నేహితుడిదే అని ముగ్గురం ఒప్పుకున్నాం.

నూట తొంభై ఆరు చరణాలు రాశాను. ఇరవై నిమిషాలకు సరిపోయాయి.

మూడో శుక్రవారం సంఘం కార్యదర్శి గారు వినడానికి వచ్చారు. అల్ ఖువైర్‌లో ఒక బ్యాంకులో పని ఆయనకు, హైదరాబాద్ మనిషి. కుర్చీ అంచున కూర్చుని పూర్తిగా విన్నారు.

"మంచిగుంది మేడమ్. గానీ పబ్లిక్‌కి ఫైట్ గావాలె. సోహార్ నుంచి కంపెనీ బస్సు వస్తది, యాభై రెండు మంది. రెండున్నర గంటలు బస్సుల కూసొని వస్తరు. వాళ్లకు ఈ వేర్లు, వేణ్ణీళ్లు ఎందుకు?"

"సైట్‌లో దెబ్బ తగిలినోడికి ముందు గావాల్సింది వేణ్ణీళ్లే సార్," అంది కడప ఆమె. "ఫైట్ చూపిస్తే రక్తం ఆగతాదా?"

ఆయన నవ్వారు గానీ, లేస్తూ వేలు చూపించారు. "ఇరవై నిమిషాలు. ఇరవై ఒకటైతే కర్టెన్ ఏస్త. ఎనక పిల్లల డాన్సులున్నయి."

"నా దగ్గర గడియారం ఉంది," అన్నాను. పద్దెనిమిదో నిమిషంలో నేను డక్కీ మీద మూడు దెబ్బలు విడివిడిగా కొడతాననీ, అది వినగానే ఆమె ముగింపులోకి వెళ్లాలనీ ఏర్పాటు చేసుకున్నాం.

ఐదు శుక్రవారాలూ ఒక్కచోటే చిక్కు వచ్చింది. ఎనభై ఎనిమిదో చరణం. ఓడల ముందు తమవాళ్లు కట్టుకున్న గోడ కూలిందని కేకలు వినిపించి, గాయపడినవాణ్ణి వదిలి అతను పరుగెత్తే చోటు. ప్రతిసారీ ఆమె అక్కడ ఆగిపోయేది. గడ్డ అడ్డుపడుతోందని నేను అనుకున్నాను, తేనె నీళ్లు తాగించాను. నవంబరు ఏడున ఆగిపోయినప్పుడు గట్టిగానే అడిగాను.

"గొంతా, జ్ఞాపకమా? ఏది అడ్డం?"

"రెండూ కాదక్కా. హ్యాండోవర్ ఇవ్వకుండా ఎట్టా పోతాడు?"

"నీ పనివాడు నిన్ను చూసుకుంటాడని చెప్పి వెళ్లాడు కదా. పుస్తకంలో ఉంది."

"ఎవరికి చెప్పాడు? రోగికి. రోగికి చెప్పిపోవడం హ్యాండోవర్ కాదని నాకు నేర్పింది ఎవరు?"

నేనే. ఆమె డ్యూటీలో చేరిన పదకొండో రోజు అది. షిఫ్టు అయిపోయాక, వచ్చే సిస్టర్ చూస్తుందని రోగికి చెప్పి బస్సెక్కింది. నేను మనిషిని పంపి బస్సులోంచి దింపించాను. మంచం పక్కన నిలబెట్టి, తర్వాతి నర్సుకు మొదటి నుంచి చివరిదాకా చెప్పించాను: ఎవరు, ఏ దెబ్బ, ఏం చేశాం, ఎన్నింటికి, ఇంకేం చూడాలి. విన్నామని అవతలి మనిషి నోటితో అన్నాకే కదలనిచ్చాను. అప్పుడామె ఏడ్చింది. మర్చిపోయిందనుకున్నాను.

అయినా ఒప్పుకోలేదు. "కొత్త చరణాలు పెడితే నిమిషంన్నర. టైము లేదు. పుస్తకంలో లేనిది పెట్టకూడదు," అన్నాను.

"సరేలే అక్కా," అంది. ఆ సరేలే నేను నమ్మకూడనిది.

నవంబరు పద్నాలుగు, శుక్రవారం. హాలు ఒక బడిది. సోహార్ బస్సు ఐదూ ముప్పై ఐదుకు వచ్చింది, యాభై రెండు మందీ వచ్చారు. పగటి షిఫ్టు నుంచి వచ్చిన నర్సులు కొందరు యూనిఫారం మీదే ముందు వరసల్లో కూర్చున్నారు. మాది ఐదో అంశం. ఆరూ నలభై మూడుకు తెర లేచింది.

మొదటి "తందాన తాన"కు ఆమె రెండడుగులు ముందుకు వేసింది. నేను ఇరవై ఆరేళ్లు చూసిన మనిషి అక్కడ లేదు. వెన్ను నిటారుగా ఉంది, తంబురా భుజాన అతికినట్టు ఉంది, అందె మోత హాలు చివర గోడకు తగిలి వచ్చింది. గొంతు నీళ్లంత తేటగా వచ్చింది. యోధుడు అలిగి గుడిసెలో కూర్చున్నాడని ఆమె అనగానే కడప ఆమె సిక్ లీవ్ సంగతి ఎత్తింది. సోహార్ బస్సు మొత్తం నవ్వింది. వెనక నుంచి ఒకాయన, "మా ఫోర్‌మన్ కూడా అట్లనే," అన్నాడు.

తొడలో బాణం తీసింది. వేణ్ణీళ్లు పోసింది. వేరు నలిపింది. చేతులు ఉత్తవే, అయినా ముందు వరస వాటినే చూస్తోంది. ఎనభై ఎనిమిదో చరణం వచ్చింది. ఆగింది.

అప్పుడు నా వైపు ఒక్కసారి చూసి, కడప ఆమె వైపు తిరిగి, పాట వరసలోనే అందుకుంది.

"వినవే చెల్లీ, తాన... కుడి తొడలో బాణం, తీసేశాను. వేణ్ణీళ్లతో కడిగాను, వేరు నలిపి కట్టాను. రక్తం ఆగింది, నొప్పి తగ్గింది. గడియకోసారి కట్టు చూడు. లేస్తానంటే లేవనీయకు. దాహమంటే గుక్కెడే పొయ్యి. నేను తిరిగొస్తే నేను చూస్తా. రాకపోతే, చెల్లీ, వీడు నీవాడు."

దీనికి జవాబు కడప ఆమె సాధన చెయ్యలేదు. క్యాన్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే కథ కదలదు. ఎదురుచూస్తూ కథకురాలు అందె మోగిస్తూనే ఉంది.

మూడో వరసలోంచి యూనిఫారంలో ఉన్న ఒకమ్మాయి లేచి నిలబడింది. "తీసుకున్నాం సిస్టర్," అంది. పాటలో కాదు, వార్డులో అన్నట్టే. పక్కనే ఇంకో ఇద్దరు అన్నారు. తర్వాత ఎందరో నేను లెక్కపెట్టలేకపోయాను. నా జీవితంలో లెక్క వదిలేసింది ఆ ఒక్కసారి.

అప్పుడు ఆమె పరుగెత్తించింది కథను. కవచం తొడిగించి, ఓడల దగ్గరి మంటలార్పించి, శత్రువుల్ని నగరం గోడ దాకా తరిమి, ఆ స్నేహితుణ్ణి చంపేచోట గొంతును నేను రిహార్సల్లో ఎన్నడూ వినని ఎత్తుకు తీసుకుపోయింది. కడప ఆమె క్యాన్ పగిలిపోయేట్టు వాయించింది. సోహార్‌వాళ్లు లేచి నిలబడి "తందాన తాన" అందుకున్నారు. రెండు వంతలుండాల్సిన చోట హాలంతా వంతే.

గడియారం చూశాను. పద్దెనిమిదో నిమిషం. కార్యదర్శి గారు పక్కన తెర తాడు దగ్గర నిలబడి నా చేతుల వైపే చూస్తున్నారు. నేను మూడు దెబ్బలు కొట్టలేదు. ఇరవయ్యో నిమిషంలో ఆయన తాడు పట్టుకున్నారు. ఇరవై రెండులో వదిలేసి, అక్కడే మెట్టు మీద కూర్చున్నారు. ముసలి తండ్రి శవాన్ని అడిగే చోటికి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి ఉన్నారు.

చివరి "తందాన"లో అందె ఆమె బొటనవేలి నుంచి జారి జనంలోకి ఎగిరిపోయింది. ఏడూ పద్నాలుగుకు తెర పడింది.

మెట్ల దగ్గర కార్యదర్శి గారు నాతో అన్నారు. "ముప్పై ఒక్క నిమిషాలు మేడమ్."

"రాసుకున్నాను," అన్నాను.

"సోహార్‌వాళ్లు వాళ్ల క్యాంపుల చెప్పమంటున్నరు."

కథకురాలు నీళ్లు తాగుతోంది. తలెత్తి నవ్వింది. "ఇంక చాలు సార్. నేను ఇచ్చేశాను," అంది.

నా దగ్గరికి వచ్చినప్పుడు కోప్పడతానేమోనని చూసింది. "పుస్తకంలో లేదు," అన్నాను. "లేదక్కా." "ఉండాల్సింది," అన్నాను. అంతకన్నా మెచ్చుకోవడం నాకు రాదు, అది ఆమెకు తెలుసు.

గుడిసెలో కూర్చున్నవాడు, టోపీ తీసినవాడు, అన్నం పెట్టినవాడు, వీళ్లంతా వీరులు కారని నేను అనను. వాళ్లను ఆ కవి తప్పులతో సహా చూపించాడు, అందుకే ఇన్నాళ్లు నిలబడ్డారు. నా పట్టికలో మాత్రం తొంభై ఒక్క గాయాల పక్కన కొత్తగా గీసిన గడిలో ఒక్క పేరే పూర్తిగా నిండింది. చావు ముందున్నా ఆ మనిషి చెయ్యి గాయం మీదనే ఉంది. ఆ చెయ్యి తీసేముందు ఇంకో చెయ్యి అక్కడ పెట్టించడం మా కథకురాలు కలిపింది.

నవంబరు పద్దెనిమిదిన, మంగళవారం, ఉదయం ఎనిమిదింటికి ఆమెను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లారు. పదీ నలభైకి బయటికి వచ్చింది. మూడు వారాలు గుసగుసే. డిసెంబరు మధ్యలో మాట తిరిగొచ్చింది, మునుపటి కన్నా కాస్త లావుగా. జనవరిలో డ్యూటీలో చేరింది. ఆ గొంతుతోనే హ్యాండోవర్ ఇస్తోంది, చివరి మంచం దాకా వినిపిస్తోందని వార్డువాళ్లు చెప్పారు. పోయిన శుక్రవారం హమ్రియాలో తంబురా శ్రుతి చేసి పాడి చూపించింది. పై స్థాయికి వెళ్లబోయి, అందక, నవ్వేసి కింది స్థాయిలో మళ్లీ మొదలుపెట్టింది.

పోయినవి: డక్కీ చర్మం ఒకటి. నీళ్ల క్యాన్ ఒకటి, పగిలింది. వాళ్ల నాన్న అందెల జతలో ఒకటి, హాలంతా రెండుసార్లు ఊడ్చినా దొరకలేదు. పిల్లల డాన్సుల్లో పదకొండు నిమిషాలు. ఆమె గొంతులో పై స్వరాలు మూడు.